జోసెఫ్ ఫోరియర్

జాన్ బప్తిస్త్ జోసెఫ్ ఫోరియర్ (మార్చి 21, 1768 - మే 16, 1830) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త, పరిపాలకుడు. ఘన పదార్థాలలో ఉష్ణం ఏ విధంగా ప్రసరిస్తుందో తెలిపే సమీకరణాన్ని ఇతడు రూపొందించాడు. ఆ సమీకరణాన్ని సాధించడానికి సైన్, కొసైన్ పదాలతో కూడిన అనంత శ్రేణులను ఉపయోగించాడు. వీటినే నేడు ఫోరియర్ శ్రేణులు అంటారు. ఒక వస్తువును వేడి చేయనారంభించిన తరువాత దాని ఉష్ణోగ్రత ఎంత కాలానికి నిలకడకు వస్తుందనే ప్రశ్నకు విశదమైన గణిత సమాధానం ఇతని రచనలలో లభిస్తుంది. విడతలు విడతలుగా వేడికి లోనయ్యే యంత్ర భాగాల ఉష్ణోగ్రతను కంప్యూటర్ల సహాయంతో లెక్కించే ఇంజనీర్లకు నేటికీ ఆ సమాధానమే ఆధారం.

బాల్యం, విద్యాభ్యాసం

ఫోరియర్ ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో ఓసెర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి దర్జీ. తండ్రికి రెండవ వివాహం ద్వారా కలిగిన పన్నెండుమంది సంతానంలో ఫోరియర్ తొమ్మిదవ వాడు. తొమ్మిదేళ్ళ వయసులో తల్లిని, ఆ మరుసటి సంవత్సరం తండ్రిని కోల్పోయి అనాథ అయ్యాడు.

1780లో ఓసెర్‌లోని రాజకీయ సైనిక పాఠశాలలో చేరాడు. బెనెడిక్టిన్ సన్యాసులు నడిపే ఈ పాఠశాలలో మొదట సాహిత్యంలో ప్రతిభ చూపాడు. పదమూడవ ఏట అతని ఆసక్తి గణితం వైపు మళ్ళింది. పద్నాలుగేళ్ళు నిండేసరికే బెజూ రచించిన ఆరు సంపుటాల గణిత పాఠ్యగ్రంథాన్ని పూర్తిగా చదివాడు. పగలు చాలక, కాలిపోగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలను పోగుచేసుకొని రాత్రివేళ వాటి వెలుగులో లెక్కలు చేసేవాడని అతని జీవితచరిత్రకారులు వ్రాశారు.

సైన్యంలోని ఫిరంగి దళంలో చేరాలని ఫోరియర్ ఆశించాడు. కాని ఆ కాలంలో అటువంటి పదవులు ఉన్నత వంశీయులకే దక్కేవి. దర్జీ కుమారునికి ఆ అవకాశం లభించలేదు. 1787లో సెయింట్ బెన్వా మఠంలో సన్యాస దీక్షకు ముందరి శిక్షణలో చేరాడు. అక్కడ ఉన్నంతకాలం మతధర్మానికీ గణితానికీ మధ్య అతని మనసు ఊగిసలాడింది. 1789లో దీక్ష స్వీకరించకుండానే మఠాన్ని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం పారిస్ వెళ్ళి బీజ సమీకరణాలపై తాను వ్రాసిన పత్రాన్ని విజ్ఞాన అకాడమీలో సమర్పించాడు. 1790లో తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యాడు.

ఫ్రెంచి విప్లవ కాలం

విప్లవ ఆశయాలకు ఆకర్షితుడైన ఫోరియర్ 1793లో ఓసెర్ విప్లవ సంఘంలో సభ్యుడయ్యాడు. సామాన్యులకు సమానావకాశాలు లభిస్తాయన్న ఆశ అతనిని ఇందులోకి నడిపించింది. విప్లవం భీతావహ పాలనగా మారిన తరువాత సంఘం నుండి తప్పుకోజూశాడు గాని వీలుపడలేదు. ఓర్లియాన్ పట్టణంలో జరిగిన ఒక వివాదంలో కొన్ని కుటుంబాల పక్షాన మాట్లాడినందుకు ప్రభుత్వ ఆగ్రహానికి గురయ్యాడు. 1794 జులైలో అతనిని నిర్బంధించారు. గిలటిన్ శిక్ష తప్పదనుకున్న సమయంలో, 1794 జులై 28న రోబెస్పియర్ స్వయంగా గిలటిన్‌కు బలి కావడంతో రాజకీయ పరిస్థితి మారిపోయింది. ఫోరియర్ విడుదలయ్యాడు.

దేశానికి ఉపాధ్యాయులను తయారు చేయడానికి 1795 జనవరిలో పారిస్‌లో ప్రారంభమైన ఎకోల్ నార్మల్ అనే శిక్షణ సంస్థలో ఫోరియర్ విద్యార్థిగా చేరాడు. లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్ వంటి ఉద్దండులు అక్కడ ఇతనికి గురువులు. 1795లో మరొకసారి నిర్బంధానికి గురై విడుదలైన తరువాత ఎకోల్ పాలిటెక్నిక్‌లో బోధకుడుగా చేరాడు. 1797లో లగ్రాంజ్ స్థానంలో విశ్లేషణ గణితం, యంత్రశాస్త్రం బోధించే ఆచార్యుడయ్యాడు.

ఈజిప్టు యాత్ర

1798లో నెపోలియన్ ఈజిప్టుపై దండెత్తినప్పుడు సైన్యంతో పాటు ఒక పండిత బృందాన్ని కూడా తీసుకువెళ్ళాడు. అందులో ఫోరియర్ ఒకడు. 1798 ఆగష్టులో నైలు నది ముఖద్వారం వద్ద ఫ్రెంచి నౌకాదళాన్ని బ్రిటిష్ సేనాని నెల్సన్ ధ్వంసం చేయడంతో ఫ్రెంచివారు ఈజిప్టులో చిక్కుకుపోయారు. కైరోలో నెలకొల్పిన ఈజిప్టు విద్యాసంస్థకు ఫోరియర్ కార్యదర్శిగా ఎన్నికయ్యాడు. పరిపాలన పనులతో పాటు పురావస్తు అన్వేషణలను నిర్వహించాడు. 1801లో ఫ్రాన్సుకు తిరిగి వచ్చాడు. ఈ యాత్ర ఫలితంగా వెలువడిన ఈజిప్టు వర్ణన అనే బృహద్గ్రంథానికి చారిత్రక పీఠికను ఫోరియరే వ్రాశాడు.

గ్రెనోబుల్‌లో ప్రిఫెక్టు

ఎకోల్ పాలిటెక్నిక్‌లో బోధన కొనసాగించాలని ఫోరియర్ కోరుకున్నాడు. కాని నెపోలియన్ 1802లో అతనిని ఇజేర్ జిల్లాకు ప్రిఫెక్టుగా నియమించాడు. ఇది మన జిల్లా కలెక్టరు పదవి వంటిది. గ్రెనోబుల్ పట్టణం కేంద్రంగా 1815 వరకు అతడు ఈ బాధ్యతను నిర్వహించాడు. బుర్గ్వాన్ ప్రాంతంలో విస్తారమైన చిత్తడి నేలల నీటిని మళ్ళించి వాటిని సాగుకు తేవడం, ఇందుకోసం పరస్పర విభేదాలున్న పలు గ్రామాలవారిని ఒప్పించడం అతని పరిపాలనలో ముఖ్యమైన విజయం. గ్రెనోబుల్ నుండి ఇటలీలోని ట్యూరిన్ దిశగా కొత్త రహదారి నిర్మాణానికీ ఇతడే పూనుకున్నాడు. 1809లో నెపోలియన్ ఇతనికి బ్యారన్ బిరుదు ఇచ్చాడు.

తరువాతి కాలంలో ఈజిప్టు చిత్రలిపిని ఛేదించి ప్రసిద్ధుడైన షాంపోలియన్ బాల్యంలో గ్రెనోబుల్‌లో చదువుకున్నాడు. అతని ఆసక్తిని గుర్తించి ప్రోత్సహించినవారిలో ఫోరియర్ ఒకడు. ఆ యువకుడు నిర్బంధ సైనిక సేవ నుండి మినహాయింపు పొందడానికి కూడా సహాయపడ్డాడు.

ఉష్ణ వహనంపై పరిశోధన

ఫోరియర్ తన శాస్త్రకృషిలో అతి ముఖ్యమైన భాగాన్ని విశ్వవిద్యాలయంలో కాక, జిల్లా పాలన మధ్య దొరికిన తీరికవేళల్లోనే సాధించాడు. ఉష్ణం అంటే ఏమిటి అన్న వివాదంలోకి అతడు దిగలేదు. అది ఒక ద్రవమా, కణాల చలనమా అన్నది ఆ కాలపు శాస్త్రవేత్తలలో తెగని చర్చ. ఆ విషయం ఎలా తేలినా, ఉష్ణం ఎంత వేగంతో ఎటు ప్రవహిస్తుందో కొలిచి, గణితంలో వ్రాయవచ్చునని అతడు భావించాడు.

వేడి ప్రదేశం నుండి చల్లని ప్రదేశానికి జరిగే ఉష్ణ ప్రవాహం, ఆ రెంటి మధ్య ఉష్ణోగ్రత ఎంత నిటారుగా తగ్గుతున్నదో దానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నది ఫోరియర్ నియమం. ఒక చిన్న భాగంలోకి వచ్చే ఉష్ణానికీ, బయటికి పోయే ఉష్ణానికీ ఉన్న తేడా ఆ భాగం ఉష్ణోగ్రతను మారుస్తుంది. ఈ రెండు భావనలను కలిపితే లభించే పాక్షిక అవకలన సమీకరణమే ఉష్ణ సమీకరణం.

సిద్ధాంతాన్ని ప్రయోగంతో సరిచూడడానికి ఫోరియర్ ఒక ఇనుప కంకణాన్ని ఉపయోగించాడు. దానికి అక్కడక్కడ రంధ్రాలు చేసి పాదరసపు ఉష్ణమాపకాలు అమర్చాడు. ఒక చోట దీపంతో వేడి చేస్తూ ఉష్ణోగ్రతలు నిలకడకు వచ్చేదాకా వేచి చూశాడు. సమాన దూరాలలో ఉన్న మూడు బిందువులను తీసుకొని, రెండు చివరల ఉష్ణోగ్రతల మొత్తాన్ని మధ్య బిందువు ఉష్ణోగ్రతతో భాగిస్తే, ఆ విలువ ఏ మూడు బిందువులకైనా ఒకటిగానే ఉండాలని సిద్ధాంతం చెబుతుంది (ఇక్కడ ఉష్ణోగ్రత అంటే చుట్టూ ఉన్న గాలి కంటే ఎంత అధికమో ఆ విలువ). ప్రయోగ ఫలితాలు దీనితో సరిపోయాయి.

విమర్శలు, బహుమతి, గ్రంథ ప్రచురణ

1807 డిసెంబరు 21న ఫోరియర్ తన పరిశోధన పత్రాన్ని పారిస్‌లోని ఇన్‌స్టిట్యూట్‌కు సమర్పించాడు. దానిని పరిశీలించడానికి లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, లక్రువాలతో ఒక సంఘం ఏర్పడింది. ఎటువంటి ప్రమేయాన్నైనా సైన్, కొసైన్ శ్రేణిగా వ్రాయవచ్చునన్న వాదన లగ్రాంజ్‌కు ఏమాత్రం రుచించలేదు. లాప్లాస్ కూడా మొదట్లో సందేహాలు వెలిబుచ్చాడు. సమీకరణాన్ని రాబట్టిన తీరును బియో విమర్శించాడు. పత్రం ప్రచురణకు నోచుకోలేదు.

1811లో ఘన వస్తువులలో ఉష్ణ ప్రసారం అనే అంశంపైనే ఇన్‌స్టిట్యూట్ బహుమతి పోటీ ప్రకటించింది. ఫోరియర్ తన పత్రాన్ని విస్తరించి పంపాడు. 1812 జనవరిలో బహుమతి అతనికే లభించింది. అయితే నిర్ణేతలు తమ నివేదికలో పద్ధతిలో గణిత కచ్చితత్వం, సార్వత్రికత చాలలేదన్న ఆక్షేపణను కూడా చేర్చారు. చివరకు ఉష్ణ విశ్లేషణ సిద్ధాంతం అనే గ్రంథం 1822లో వెలువడింది. మొదటి పత్రానికీ గ్రంథానికీ మధ్య పదిహేను సంవత్సరాలు గడిచాయి. విమర్శకులు ఎత్తిచూపిన లోపంలో నిజం లేకపోలేదు. ఈ శ్రేణులు ఏ నిబంధనలకు లోబడి అభిసరిస్తాయో 1829లో జర్మన్ గణితజ్ఞుడు డిరిష్లే నిరూపించాడు.

నిలకడ స్థితికి పట్టే కాలం

ఫోరియర్ పద్ధతిలో ఒక వస్తువు ఉష్ణోగ్రత రెండు భాగాలుగా విడిపోతుంది. ఒకటి చిరకాలం మిగిలే భాగం. రెండవది క్రమంగా క్షీణించే భాగం. ఈ రెండవ భాగం అనేక తరంగాకృతుల మొత్తం. ప్రతి ఆకృతీ తనదైన వేగంతో ఘాతీయంగా క్షీణిస్తుంది. రెండు చివరలను ఒకే ఉష్ణోగ్రతలో ఉంచిన కడ్డీలో మొదటి ఆకృతి కంటే రెండవది 4 రెట్లు, మూడవది 9 రెట్లు వేగంగా అంతరిస్తుంది. సన్నని అలలు త్వరగా చదునవుతాయి. వెడల్పాటి అల మాత్రమే చివరిదాకా మిగులుతుంది.

చల్లారుతున్న ఇనుప కంకణంలో ఇదే కనిపిస్తుంది. ఆరంభంలో వేడి ఎలా పంపిణీ అయి ఉన్నప్పటికీ, కొంతసేపటికి ఏ వ్యాసం తీసుకున్నా దాని రెండు కొనల ఉష్ణోగ్రతల సగటు ఒకటే అవుతుంది. అంటే అప్పటికి ఒకే ఒక్క కొసైన్ ఆకృతి మిగిలి ఉందన్నమాట. కనుక నిలకడకు పట్టే కాలాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదిగా క్షీణించే ఆకృతి.

ఆ ఆకృతి క్షీణతను కాల స్థిరాంకం అనే విలువతో కొలుస్తారు. ఒక కాల స్థిరాంకం గడిచేసరికి తేడా 37 శాతానికి, మూడు గడిచేసరికి 5 శాతానికి, 4.6 గడిచేసరికి 1 శాతానికి, 6.9 గడిచేసరికి 0.1 శాతానికి తగ్గుతుంది. రెండు ముఖాల ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచిన పలకకు కాల స్థిరాంకం కావాలంటే, మందం వర్గాన్ని 9.87 (అనగా పై వర్గం)తోనూ, పదార్థపు ఉష్ణ వ్యాపన గుణకంతోనూ భాగించాలి. ఉష్ణ వాహకతను సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే వచ్చేదే ఉష్ణ వ్యాపన గుణకం. రాగికి ఇది సెకనుకు సుమారు 0.000116 చదరపు మీటర్లు. ఇటుకకు రకాన్ని బట్టి సుమారు 0.0000005. ఈ లెక్కన 10 సెంటీమీటర్ల మందం గల రాగి పలక కాల స్థిరాంకం సుమారు 9 సెకన్లు. అంతే మందం గల ఇటుక గోడకు సుమారు 34 నిమిషాలు. మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది.

వస్తువు లోపల ఉష్ణం వేగంగా సర్దుకొని, ఉపరితలం నుండి గాలిలోకి నెమ్మదిగా పోతున్నప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు వస్తువును ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన ఉష్ణాన్ని, ఒక డిగ్రీ తేడాకు సెకనులో బయటికి పోయే ఉష్ణంతో భాగించాలి. 10 సెంటీమీటర్ల భుజం గల రాగి ఘనం బరువు సుమారు 9 కిలోగ్రాములు. దానిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 3,450 జౌళ్ళు కావాలి. నిశ్చలమైన గాలిలో ఉపరితలపు ప్రతి చదరపు మీటరు నుండి డిగ్రీకి 10 వాట్ల చొప్పున ఉష్ణం పోతుందనుకుంటే, ఆరు ముఖాల నుండి డిగ్రీకి 0.6 వాట్లు పోతుంది. భాగిస్తే 5,750 సెకన్లు, అనగా సుమారు గంటా ముప్పై ఆరు నిమిషాలు. లోపల సర్దుబాటుకు సెకన్లు చాలినా, మొత్తం వస్తువు నిలకడకు రావడానికి గంటలు పడుతుంది. రెండు కాలాలలో పెద్దదానినే పరిగణించాలి.

విడతల వేడి, కంప్యూటరు అనుకరణలు

ఇస్త్రీపెట్టెలోని థర్మోస్టాట్ విద్యుత్తును ఆపుతూ, మళ్ళీ వదులుతూ ఉంటుంది. వెల్డింగ్ యంత్రాలు, లేజర్లు, ఎలక్ట్రానిక్ పరికరాలలోని ట్రాన్సిస్టర్లు కూడా ఈ విధంగా విడతలు విడతలుగా వేడెక్కుతాయి. ఇటువంటి వేడిని పల్స్ వేడి అంటారు. ఇక్కడ ఉష్ణోగ్రత ఎన్నడూ ఒకే విలువ వద్ద ఆగదు. ప్రతి ఆవర్తనంలోనూ కొంత పెరిగి, కొంత తగ్గుతుంది. ఒక ఆవర్తనంలోని హెచ్చుతగ్గులు తరువాతి ఆవర్తనంలో యథాతథంగా పునరావృతమైతే దానిని ఆవర్తన నిలకడ స్థితిగా పరిగణిస్తారు.

ఫోరియర్ శ్రేణి ప్రకారం విడతల వేడి అంటే ఒక సగటు పదం, దానిపైన కొన్ని సైన్, కొసైన్ పదాలు. సగటు పదం వస్తువు చివరకు చేరే స్థాయిని నిర్ణయిస్తుంది. తక్కిన పదాలు ఆ స్థాయి చుట్టూ జరిగే ఊగిసలాటను నిర్ణయిస్తాయి. నిలకడకు పట్టే కాలం మాత్రం విడతల మీద ఆధారపడదు. వేడి ఎంత తరచుగా వచ్చినా ఆ కాలాన్ని నిర్ణయించేది వస్తువు పరిమాణం, పదార్థం, అది చల్లబడే తీరు.

పైన చెప్పిన రాగి ఘనానికి ప్రతి సెకనులోనూ 0.1 సెకను పాటు 300 వాట్ల వేడి ఇచ్చారనుకుందాం. సగటు 30 వాట్లు. దానిని 0.6తో భాగిస్తే ఘనం చివరకు గాలి కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందని తెలుస్తుంది. చివరి విలువకు 1 శాతం దగ్గరికి రావడానికి 4.6 కాల స్థిరాంకాలు, అనగా సుమారు 26,450 సెకన్లు, అన్నే విడతలు కావాలి. ఒక్కొక్క విడతను 100 చిన్న కాలవ్యవధులుగా విభజించి కంప్యూటరుతో లెక్కిస్తే 26 లక్షలకు పైగా అంచెలు అవుతాయి. ఈ అంచనాను ముందుగా వేసుకోకుండా లెక్క మొదలుపెట్టినవారు మధ్యలోనే ఆపివేసే ప్రమాదం ఉంది.

సాధారణంగా జరిగే పొరపాటు ఇదే. వరుస రెండు ఆవర్తనాల ఉష్ణోగ్రతల మధ్య తేడా 0.001 డిగ్రీ కంటే తగ్గగానే నిలకడ వచ్చిందని అనుకరణను ఆపివేస్తారు. కాని ఆవర్తనానికి 0.001 డిగ్రీ పెరుగుతున్నదంటే ఇంకా మిగిలి ఉన్న పెరుగుదల దానిని కాల స్థిరాంకంలోని ఆవర్తనాల సంఖ్యతో, అనగా 5,750తో, గుణించినంత. అది 5.75 డిగ్రీలు. అప్పటికి ఘనం 50 డిగ్రీలకు బదులు సుమారు 44 డిగ్రీల వద్దనే ఉంటుంది. దీనిని నమ్మి పరికరాన్ని తయారు చేస్తే అది అనుకున్న దానికంటే ఎక్కువ వేడెక్కుతుంది.

ఈ పొరపాటును నివారించడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది ఉష్ణ జమాఖర్చుల తనిఖీ. నిలకడ స్థితిలో ఒక ఆవర్తనంలో లోనికి వచ్చిన ఉష్ణం, బయటికి పోయిన ఉష్ణం సమానం కావాలి. పై ఉదాహరణలో ఆవర్తనానికి 30 జౌళ్ళు వస్తుండగా 44 డిగ్రీల వద్ద పోయేది సుమారు 26.5 జౌళ్ళే. లోటు స్పష్టంగా బయటపడుతుంది.

రెండవది మూడు విలువల పద్ధతి. ఒకే దశలో, సమాన వ్యవధులలో మూడు ఉష్ణోగ్రతలను తీసుకోవాలి. ఉదాహరణకు సుమారు 4,000 సెకన్లకు ఒకసారి చూస్తే ఘనం గాలి కంటే 25, 37.5, 43.75 డిగ్రీలు అధికంగా ఉంటుంది. వీటి పెరుగుదలలు 12.5, 6.25. రెండవ పెరుగుదల వర్గాన్ని రెండు పెరుగుదలల తేడాతో భాగిస్తే 6.25 వస్తుంది. దానిని చివరి విలువకు కలిపితే 50 డిగ్రీలు. ఒకే ఆకృతి మిగిలిన తరువాత తీసుకున్న విలువలకే ఈ పద్ధతి చెల్లుతుంది.

మూడవది, చాలాసార్లు ఎంతో శ్రమ తగ్గించేది. మొదట సగటు వేడికి మాత్రమే నిలకడ స్థితిని లెక్కించి, దాని నుండి విడతల అనుకరణను ప్రారంభించాలి. నెమ్మదైన ఆకృతి చేయవలసిన పని అప్పటికే దాదాపు పూర్తయి ఉంటుంది గనుక కొద్దిపాటి ఆవర్తనాలతోనే ఫలితం లభిస్తుంది.

పదార్థ గుణాలు ఉష్ణోగ్రతతో బాగా మారుతున్నప్పుడు, లేదా వికిరణం ద్వారా ఎక్కువ ఉష్ణం పోతున్నప్పుడు సమీకరణం ఏకఘాతంగా ఉండదు. అటువంటి సందర్భాలలో ఈ సూత్రాలు తొలి అంచనాగానే పనికివస్తాయి. ఉష్ణ జమాఖర్చుల తనిఖీ మాత్రం అప్పుడు కూడా చెల్లుతుంది.

భూమి ఉష్ణోగ్రత

విడతల వేడికి అతి పెద్ద ఉదాహరణను ఫోరియర్ స్వయంగా పరిశీలించాడు. అది సూర్యుని వలన భూమికి కలిగే వేడి. పగలు రాత్రి ఒక ఆవర్తనం కాగా వేసవి, శీతాకాలాలు మరొక ఆవర్తనం. ఈ హెచ్చుతగ్గులు నేల లోపలికి పోయేకొద్దీ క్షీణిస్తాయి, ఆలస్యమవుతాయి. సాధారణ నేలలో దినసరి మార్పు సుమారు 12 సెంటీమీటర్ల లోతులో 37 శాతానికి తగ్గుతుంది. వార్షిక మార్పు అంతే తగ్గడానికి సుమారు 2.2 మీటర్ల లోతు కావాలి. సుమారు 7 మీటర్ల లోతులో మార్పు ఇరవై మూడింట ఒక వంతే మిగులుతుంది. అది కూడా అర్ధ సంవత్సరం ఆలస్యంగా చేరుతుంది. అందువలన ఆ లోతులో వేసవి వేడిమి శీతాకాలంలో కనిపిస్తుంది. పారిస్ వేధశాల కింద 28 మీటర్ల లోతున ఉన్న నేలమాళిగలలో సంవత్సరమంతా ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉండడానికి కారణం ఇదే.

1824లో ప్రచురించిన వ్యాసంలో ఫోరియర్ భూమి ఉపరితలపు ఉష్ణోగ్రతను చర్చించాడు. సూర్యకాంతిని లోనికి రానిచ్చే వాతావరణం, భూమి నుండి వెలువడే కంటికి కనిపించని ఉష్ణాన్ని అంత సులువుగా పోనివ్వదని సూచించాడు. హరితగృహ ప్రభావ చరిత్రలో ఈ వ్యాసాన్ని తొలి రచనలలో ఒకటిగా పేర్కొంటారు.

పారిస్‌లో చివరి దశ

1815 మార్చిలో నెపోలియన్ ఎల్బా ద్వీపం నుండి తప్పించుకొని గ్రెనోబుల్ మీదుగా పారిస్ బయలుదేరినప్పుడు, అప్పటికి రాజు ప్రభుత్వ ఉద్యోగిగా ఉన్న ఫోరియర్ పట్టణం విడిచి వెళ్ళిపోయాడు. నెపోలియన్ మొదట ఆగ్రహించినా, తరువాత అతనిని రోన్ జిల్లాకు ప్రిఫెక్టుగా నియమించాడు. కొద్ది వారాలకే ఫోరియర్ ఆ పదవిని వదులుకున్నాడు. నెపోలియన్ పతనం తరువాత ఉద్యోగం లేక ఇబ్బంది పడుతున్న సమయంలో, పూర్వ శిష్యుడైన షాబ్రోల్ సహాయంతో సెయిన్ జిల్లా గణాంక కార్యాలయానికి అధిపతి అయ్యాడు.

1816లో విజ్ఞాన అకాడమీకి ఎన్నికైనా, నెపోలియన్‌తో గతంలో ఉన్న సంబంధం కారణంగా రాజు పద్దెనిమిదవ లూయీ అంగీకరించలేదు. 1817లో తిరిగి ఎన్నికైనప్పుడు ఆమోదం లభించింది. 1822లో అకాడమీ గణిత విభాగానికి శాశ్వత కార్యదర్శి అయ్యాడు. 1823లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యునిగా, 1826లో ఫ్రెంచి భాషా అకాడమీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. స్త్రీలకు ప్రవేశం లేని ఆ రోజులలో గణిత శాస్త్రవేత్త సోఫీ జెర్మేన్ విజ్ఞాన అకాడమీ సమావేశాలకు హాజరయ్యే వీలు కల్పించాడు.

ఫోరియర్ అవివాహితుడు. ఈజిప్టు నుండి వచ్చిన నాటి నుండి చలిని భరించలేకపోయేవాడు. వేసవిలో కూడా మందపాటి దుస్తులు ధరించి, బాగా వేడి చేసిన గదులలోనే గడిపేవాడు. 1830 మే 4న మెట్ల మీద నుండి పడిపోవడంతో అప్పటికే ఉన్న అనారోగ్యం తీవ్రమైంది. మే 16న పారిస్‌లో మరణించాడు. పేర్ లాషేజ్ శ్మశానంలో ఈజిప్టు శైలిలో నిర్మించిన అతని సమాధి ఉంది. యువ గణితజ్ఞుడు గాల్వా బహుమతి కోసం పంపిన పత్రం అప్పుడు కార్యదర్శిగా ఫోరియర్ వద్ద ఉంది. అతని మరణం తరువాత అది దొరకలేదు. సమీకరణాల సాధనపై ఫోరియర్ వ్రాసిన గ్రంథాన్ని శిష్యుడు నావియర్ 1831లో ప్రచురించాడు.

తరువాతి తరాలపై ప్రభావం

1827లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ విద్యుత్ ప్రవాహ నియమాన్ని ఫోరియర్ ఉష్ణ నియమం ఒరవడిలో రూపొందించాడు. బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం థామ్సన్ (లార్డ్ కెల్విన్) 1840లో, ఇంకా పదహారేళ్ళు నిండకముందే, ఫోరియర్ గ్రంథాన్ని చదివి ప్రభావితుడయ్యాడు. 1854-55లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలో విద్యుత్ సంకేతాలు కూడా ఉష్ణ సమీకరణం మాదిరిగానే వ్యాపిస్తాయని అతడు చూపాడు. ఒక చివర పంపిన పల్స్ రెండవ చివర నెమ్మదిగా పైకి లేస్తుంది. ఆ ఆలస్యం తీగ పొడవు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 1858లో అట్లాంటిక్ మహాసముద్రంలో వేసిన తొలి తీగపై ఈ అవగాహన లేకుండా అధిక వోల్టేజి ప్రయోగించారు. ఆ తీగ కొద్ది వారాలకే పనిచేయకుండా పోయింది.

1862లో కెల్విన్ ఇదే సిద్ధాంతంతో భూమి చల్లారడానికి పట్టిన కాలాన్ని లెక్కించి, భూమి వయసు 2 కోట్ల నుండి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందని ప్రకటించాడు. నేటి అంచనా సుమారు 454 కోట్ల సంవత్సరాలు. కెల్విన్ గణితంలో తప్పు లేదు. భూమి లోపలి ఉష్ణం కేవలం వహనం ద్వారానే ప్రసరిస్తుందన్న ఊహలో తప్పు ఉంది. లోపలి భాగంలో ఉష్ణం వేగంగా ప్రసరిస్తే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని 1895లో జాన్ పెర్రీ చూపాడు. నిలకడకు పట్టే కాలాన్ని అంచనా వేసే ప్రతి విద్యార్థికీ ఇది గమనించదగిన ఉదాహరణ. సూత్రాన్ని ప్రయోగించే ముందు, ఉష్ణం ఏ మార్గంలో పోతున్నదో నిర్ణయించుకోవాలి.

1965లో కూలీ, టూకీ అనే శాస్త్రవేత్తలు ఫోరియర్ విశ్లేషణను కంప్యూటర్లపై అతివేగంగా చేసే పద్ధతిని ప్రచురించారు. శబ్ద, చిత్ర సంకేతాల విశ్లేషణలో అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

స్మారకాలు

పారిస్‌లోని ఈఫిల్ టవర్‌పై చెక్కిన 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల పేర్లలో ఫోరియర్ పేరు ఉంది. 1849లో ఓసెర్‌లో నెలకొల్పిన అతని కంచు విగ్రహాన్ని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లోహం కోసం కరిగించారు. గ్రెనోబుల్‌లో అతని పేరిట ఉన్న విశ్వవిద్యాలయం 2016లో గ్రెనోబుల్ ఆల్ప్స్ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. ఉష్ణ ప్రసార శాస్త్రంలో, గడిచిన కాలాన్ని వస్తువు తన సహజ కాలంతో పోల్చి చెప్పే సంఖ్యను ఫోరియర్ సంఖ్య అంటారు. కాలాన్ని ఉష్ణ వ్యాపన గుణకంతో గుణించి, పొడవు వర్గంతో భాగిస్తే ఈ సంఖ్య లభిస్తుంది. అది 1 కంటే చాలా తక్కువగా ఉంటే ఉష్ణం ఇంకా వస్తువు లోపలిదాకా చేరలేదని, 1 కంటే బాగా ఎక్కువగా ఉంటే లోపలి సర్దుబాటు దాదాపు ముగిసిందని గ్రహించవచ్చు.